శిక్ష కుక్కకా, యజమానికా?

మన ద్వీపమున కుక్క లేని వీథి లేదు. కుక్కను చూచి దారి మార్చుకొనని బడిపిల్లయు లేదు. ఈ రెండు మాటలును ప్రతి గృహస్థునకు అనుభవములోనివే. అయినను ఒక ప్రశ్నను మాత్రము మనము తీరికగా ఆలోచింపలేదు. కుక్క వలన కీడు కలిగినప్పుడు దోషము ఎవరిది? కరచిన కుక్కదా, దానిని పెంచిన మనుష్యునిదా, చూచుచు ఊరకున్న ఊరివారిదా? ఈ ప్రశ్నకు చట్టము ఒక సమాధానము చెప్పును. ధర్మము ఒక సమాధానము చెప్పును. ఆ రెండు సమాధానములును ఒక్కటి యైన నాడే వీథికి శాంతి కలుగును. ఈ విషయమున దూరదేశమందలి ఒక నగరము పందొమ్మిది సంవత్సరములు తర్కించి నేర్చుకొన్న పాఠమును పాఠకుల యెదుట నుంచి, దాని వెలుగున మన ఆలయ ప్రాంగణమును, మన ఇంటి ముంగిటిని ఒకమారు చూచుకొందము.

అమెరికా దేశమున అరోరా యను పేరుగల ఊళ్లు పెక్కు కలవు. మనవారికి ఆ పేరు వినగానే ఇల్లినాయి రాష్ట్రమందలి అరోరా స్ఫురించును. 1986లో ప్రతిష్ఠ జరిగిన శ్రీ వేంకటేశ్వర స్వామి ఆలయము షికాగో నగరమునకు పడమట ఆ ఊరనే యున్నది. నేడు మనము ముచ్చటించునది మరియొక అరోరా. అది కొలరాడో రాష్ట్రమున, రాకీ పర్వతములకు తూర్పున, డెన్వరు నగరమును ఆనుకొని యున్నది. 2020 నాటి జనాభా లెక్కలలో 3,86,000 మందికి పైగా నివసించినట్లు తేలిన పెద్ద నగరము. అంత జనమున్న చోట కుక్కలును వేలకొలది యుండును. కాబట్టి వాని గూర్చిన చట్టమును ఉండక తప్పదు.

ఆ చట్టపు కథ పొరుగున నున్న డెన్వరులో మొదలైనది. పిట్‌బుల్ అని పిలువబడు కుక్కలను నగరమున ఎవరును పెంచరాదని డెన్వరు 1989లో శాసించెను. ఈ కుక్కలు కండపుష్టి గలవి. దవడ బలము గలవి. ఒకప్పుడు పందెములలో ఒకదానితో నొకటి పోరుటకై పెంచబడినవాని సంతతి. 2004లో కొలరాడో రాష్ట్ర శాసనసభ, కుక్కలను జాతిని బట్టి నిషేధించు కట్టుబాట్లను నగరములు చేయరాదని చట్టము చేసెను. డెన్వరు, తనకు స్వపరిపాలనాధికారము కలదని న్యాయస్థానమున వాదించి గెలిచి, తన నిషేధమును నిలుపుకొనెను. ఆ దారినే అనుసరించి అరోరా నగరసభయు 2005లో పిట్‌బుల్ కుక్కలను నిషేధించెను. అప్పటికే ఇండ్లలో నున్నవానిని లైసెన్సు పొంది, కొన్ని కట్టుబాట్లకు లోబడి ఉంచుకొనవచ్చును, క్రొత్తదానిని తేరాదు.

తరువాత జరిగినది గమనింపదగినది. ఆ నిషేధము అన్యాయమని శునకప్రియుల సంఘమొకటి ఫెడరల్ న్యాయస్థానమునకు పోయెను. 2009లో తీర్పు నగరము పక్షముననే వచ్చెను. 2014 నవంబరులో నగరసభ ప్రజలనే అడిగెను. ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు దగ్గరగా నిషేధము ఉండవలెననియే తీర్మానించిరి. 2020లో డెన్వరు ప్రజలు ఓటు వేసి తమ పాత నిషేధమును తొలగించి, దాని స్థానమున అనుమతిపత్రముల పద్ధతిని పెట్టుకొనిరి. 2021 జనవరిలో అరోరా నగరసభ తన నిషేధమును తానే ఎత్తివేసెను. ప్రజలు ఓటు వేసి నిలిపినదానిని ప్రజల నడుగక ఎత్తివేయుట నగర మూలశాసనమునకు విరుద్ధమని ఒక పౌరుడు వ్యాజ్యము వేయగా, 2024లో న్యాయస్థానము ఆ మాటనే అంగీకరించెను. ఆ యేటి నవంబరు ఎన్నికలలో ప్రశ్న మరల ఓటు పెట్టె నెక్కెను. 2005 మొదలు 2024 వరకు సభలోను, న్యాయస్థానములోను, ఓటు పెట్టెలోను అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ జాతి కుక్క ఊరిలో ఉండవచ్చునా, ఉండరాదా?

ఆ ప్రశ్నయే సరియైనది కాదని మా అభిప్రాయము.

ఇట్లనుట చేత నిషేధమును కోరినవారిని మేము తేలిక చేయుటలేదు. చంటిబిడ్డను చంకనెత్తుకొని నడుచు తల్లికి, ఎదుట బలిష్ఠమైన కుక్క గొలుసు లేకుండ నిలిచినప్పుడు కలుగు భయము మూఢత్వము కాదు. చిన్న కుక్క కరచిన గాయము వేరు, పెద్ద కుక్క కరచిన గాయము వేరు. దానిని కాదనువాడు ఆసుపత్రి ముఖము చూడనివాడు. ప్రజల భయమును గౌరవింపని చట్టము నిలువదు. అరోరా నగరసభకు న్యాయస్థానము చెప్పిన బుద్ధియు అదియే. ప్రజల నొకమారు అడిగిన పిమ్మట, మరల వారి నడుగక త్రోసివేయుట తగదు. భయము నిజమే. అయితే భయమునకు మందు సరియైనదా అనునదియే విచార్యము.

జాతిని బట్టి నిషేధించుటలో మూడు చిక్కులు కలవు. మొదటిది, ఏ కుక్క ఏ జాతిదో చూపుతో తేల్చుట కష్టము. తల్లి యొక జాతి, తండ్రి యొక జాతి, తాతముత్తాతలు ఎవరో తెలియని కుక్కలే లోకమున ఎక్కువ. తల వెడల్పును, మెడ లావును చూచి అధికారి ఇది ఫలానా జాతి యనినచో, ఆ మాటపై ఒక ప్రాణి బ్రతుకు నిర్ణయమగును. రెండవది, జాతికిని గుణమునకును అనుకొన్నంత గట్టి ముడి లేదు. 2022లో సైన్స్ పత్రికలో ప్రకటితమైన పరిశోధనలో పదునెనిమిది వేలకు పైగా కుక్కలను గూర్చి వాని యజమానులు చెప్పిన వివరములను, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను పరిశీలించిరి. ఒక కుక్క ప్రవర్తనకును మరియొక దాని ప్రవర్తనకును గల భేదములో నూటికి తొమ్మిది వంతులు మాత్రమే జాతి వలన కలిగినదని అందు తేలెను. తక్కినదానిలో పెంపకమునకు, పరిసరమునకు, ఆ ప్రాణి స్వభావమునకు పాలు కలదు.

మూడవ చిక్కు అన్నిటికంటె పెద్దది. జాతిని నిషేధించు చట్టము యజమానిని మరచిపోవును. నిషిద్ధ జాతి కాని కుక్కను పస్తుపెట్టి, కొట్టి, పగలంతయు గొలుసున కట్టి, రాత్రి వీథిలోనికి వదలువాడు ఆ చట్టము దృష్టిలో నిర్దోషి. నిషిద్ధ జాతి కుక్కను బిడ్డవలె సాకి, కంచె లోపల నుంచి, గొలుసు పట్టుకొని నడిపించువాడు అపరాధి. ఇట్టి తీర్పు ఏ ధర్మశాస్త్రమునకు సమ్మతము?

మన మహాభారతమున ఆదిపర్వపు ఆరంభముననే ఈ వ్యాజ్యము కలదు. జనమేజయుడు యాగము చేయుచుండగా సరమ యను దేవశుని యొక్క కుమారుడు సారమేయుడు అచటికి వచ్చెను. రాజు తమ్ములు వానిని కొట్టి తరిమిరి. పిల్ల ఏడ్చుచు పోయి తల్లికి చెప్పెను. సరమ రాజసభకు వచ్చి న్యాయము అడిగెను. నా కుమారుడు మీ హవిస్సును ముట్టలేదు, తప్పేమియు చేయలేదు, ఏ అపరాధమునకు కొట్టితిరి అనునదియే ఆమె ప్రశ్న. సమాధానము చెప్పగలవారు లేకపోయిరి. తగునో తగదో విచారింపక నిరపరాధిని హింసించిన వారికి ఊహింపని భయములు వచ్చునని ఆమె శపించెను. నన్నయ భట్టారకుడు తెలుగున భారతమును మొదలిడినప్పుడు ఈ కథను విడిచిపెట్టలేదు. అంత గొప్ప ఇతిహాసపు వాకిట ఒక కుక్కతల్లి నిలిచి రాజును ప్రశ్నించుచున్నదనిన, విచారణ లేని శిక్షను మన పూర్వులు ఎంత దోషముగా నెంచిరో తెలియుచున్నది.

విచారణ గల చట్టము ఎట్లుండును? దానికి ఆదర్శము కొలరాడో రాష్ట్రముననే కలదు. ప్రమాదకరమైన కుక్కను కలిగియుండుట ఆ రాష్ట్ర శిక్షాస్మృతిలో యజమాని నేరము. కుక్క ఏ జాతిది అని ఆ నియమము అడుగదు. ఏమి చేసినది అని అడుగును. గాయపడినవాడు దానిని బాధించెనా, దొంగతనముగా ఇంట జొరబడెనా అనికూడ విచారించును. ఇల్లినాయి రాష్ట్రపు జంతు నియంత్రణ చట్టమును, ఊళ్లు చేయు కుక్కల నియమములు జాతిని బట్టి యుండరాదని చెప్పుచున్నది. స్వపరిపాలనాధికారము గల నగరములకు మాత్రము అచ్చటను కొంత సడలింపు కలదు. కెనడా దేశమందలి కాల్గరీ నగరము 2006లో చేసిన నియమావళికి పేరే బాధ్యత గల జంతు పోషణ నియమావళి యని పెట్టినది. అచ్చట ఏ జాతికిని నిషేధము లేదు. ప్రతి కుక్కకు లైసెన్సు కావలెను. సంతాన నిరోధ శస్త్రచికిత్స చేయించినదానికి రుసుము తక్కువ, చేయింపనిదానికి ఎక్కువ. కుక్క కరచినచో, తరిమినచో యజమానికి గట్టి జరిమానా. తప్పిపోయిన కుక్క దొరికినప్పుడు లైసెన్సు ఉన్నచో దానిని తిన్నగా ఇంటికి చేర్చుటకు వీలగును. ఈ చట్టము కుక్క మెడపట్టెను పట్టుకొని యజమాని ఇంటి తలుపు తట్టుచున్నది. మా మతమున చట్టము చేయవలసిన పని యిదియే.

ఇక మన ద్వీపమునకు వత్తము. మన మారిషస్ దీవిలో కష్టమంతయు పిట్‌బుల్ వలన కాదు. మన వీథులలో తిరుగునవి చాలవరకు ఏ జాతియు కాని సామాన్యపు కుక్కలు. వానికి యజమాని యెవరని అడిగినచో ఎవరును ముందుకు రారు. వానికి అన్నము పెట్టునదెవరని అడిగినచో పదిమంది ముందుకు వత్తురు. ఇందుననే మన వ్యాధి యంతయు నున్నది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చునని మన పెద్దలు చెప్పిన సామెత మన వీథి కుక్కకు సరిపోయినట్లు మరి దేనికిని సరిపోదు. దానిని తిట్టువారందరు, దయ చూపువారందరు. దాని పూచీ వహించువాడొక్కడును లేడు.

చట్టము లేదా యనిన, ఉన్నది. 2013లో మన శాసనసభ జంతు సంక్షేమ చట్టము చేసెను. ఆ చట్టము క్రింద జంతు సంక్షేమమునకై ఒక సంస్థ యేర్పడినది. కుక్కను పెంచువాడు దానిని నమోదు చేయించవలెను. జంతువును హింసించుటయు, దిక్కులేకుండ విడిచిపెట్టుటయు నేరములు. అయితే చట్టము పుస్తకమున నుండుట వేరు, ముంగిట నుండుట వేరు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, ఒక పిల్లవానిని కుక్క కరచిన పిదప ఊరంతయు ఒక వారము కేకలు వేయును. కుక్కలను పట్టు బండి వచ్చి కొన్నిటిని తీసికొనిపోవును. మరల ఊరు నిద్రించును.

పట్టి చంపుటచేత కుక్కలు తగ్గునని అనుకొనుట భ్రమ. ఆడకుక్క చూలు తొమ్మిది వారములు. సామాన్యముగా ఏటికి రెండు ఈతలు. ఈతకు నాలుగైదు పిల్లలు. ఒక వీథి నుండి పది కుక్కలను తొలగించి, ఎంగిలి కుప్పను అక్కడనే యుంచినచో, పక్క వీథి కుక్కలు వచ్చి ఆ చోటును ఆక్రమించును. వాని పిల్లలు ఆ తిండి తిని బ్రతుకును. కుప్ప యుండగా కుక్క యుండును. పుట్టుకను ఆపక చావును పెంచుట, కుండకు చిల్లి యుండగా నీరు పోయుట వంటిది.

మాతృదేశపు అనుభవమును ఇదే చెప్పుచున్నది. భారతదేశమున 2001లోను, మరల 2023లోను జంతు జనన నియంత్రణ నియమములు ప్రకటింపబడినవి. వీథి కుక్కలను పట్టి, శస్త్రచికిత్స చేయించి, రేబిస్ వ్యాధికి టీకా వేసి, పట్టిన చోటనే విడువవలెనని ఆ నియమములు చెప్పును. నియమము మంచిదే, కాని నగరములు దానిని పూర్తిగా నడుపలేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుని వీథి కుక్కలు చుట్టుముట్టి చంపినవి. ఆ వార్త తెలుగు ఇండ్లన్నిటను కన్నీరు పెట్టించినది. 2025 ఆగస్టు 11న భారత సుప్రీము కోర్టు ఢిల్లీ ప్రాంతపు వీథి కుక్కల నన్నిటిని శరణాలయములకు తరలింపుమని ఆజ్ఞాపించెను. ఆగస్టు 22న దానిని సవరించి, చికిత్సయు టీకాయు పొందిన కుక్కలను వాని చోటనే విడువవలెననియు, రేబిస్ గలవానిని, క్రూరముగా ప్రవర్తించువానిని విడువరాదనియు, ఎక్కడబడిన అక్కడ వీథిలో తిండి పెట్టరాదనియు, అందులకు ప్రత్యేక స్థలములు ఏర్పరుపవలెననియు చెప్పెను. కడపటి మాట భక్తులు మనసున నుంచుకొనదగినది. అన్నము పెట్టుట తప్పని కోర్టు అనలేదు. పెట్టుటకు ఒక చోటు, ఒక క్రమము కావలెనన్నది.

మనకొక భాగ్యము కలదు. మన ద్వీపమున రేబిస్ లేదు. సముద్రమును, జంతువుల దిగుమతిపై గల కఠిన నియమములును మనలను కాపాడుచున్నవి. కాని ద్వీపమునకు మరియొక ప్రమాదము కలదు. ఇచ్చటి పక్షులు వేటాడు మృగములు లేని చోట పుట్టి పెరిగినవి. నావికులతో కూడ వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు, కుక్కలు, పిల్లులు వాని గ్రుడ్లను, పిల్లలను తినివేసినవి. డోడో పక్షి పదునేడవ శతాబ్దముననే అంతరించినది. గులాబి పావురములు 1990 ప్రాంతమున అడవిలో పది మాత్రమే మిగిలినవి. ఎందరో శ్రమించి వానిని వందలకు పెంచిరి. ఇంట వద్దనుకొని అడవి అంచున విడిచిన పిల్లి ఆ పావురములకు యముడు. కాబట్టి జంతువును విడిచిపెట్టుట ఒక్క జంతువునకే ద్రోహము కాదు; ఈ నేలకే ద్రోహము.

ఇప్పుడు మన ఆలయము మాట. పండుగ నాడు ఎంగిలి విస్తళ్లు వెనుక గోడ చెంత కుప్పగా పడును. రామభజనము ముగిసిన రాత్రి మిగిలిన ప్రసాదమును కొందరు ద్వారము వెలుపల చల్లి పోవుదురు. కుక్కలు చేరును, ఈనును. పిల్లలు కన్నులు తెరచిన పదునైదు దినములకు ఒకటి రెండు రథచక్రము వంటి లారీ చక్రము క్రింద పడును. తక్కినవి గజ్జితో వెండ్రుకలు రాలి తిరుగును. వీనికి తోడు, ఇంట పుట్టిన పిల్లలను చంపుటకు చేతులు రాక, పెంచుటకు మనసు రాక, అట్టపెట్టెలో పెట్టి గుడి వాకిట విడిచి పోవువారు కలరు. చెరకు తోటల నడుమ విడిచి పోవువారును కలరు. దేవుడే చూచుకొనునని వారి నమ్మకము. అత్త సొమ్ము అల్లుడు దానమన్నట్లు, తమ బాధ్యతను దేవుని పద్దున వ్రాసి వెళ్లుట భక్తి యనిపించుకొనదు.

గృహస్థుడు నిత్యము చేయవలసిన పంచ యజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. కుక్కకు, కాకికి, చీమకు అన్నము పెట్టుట అందులోనిదే. కాని యజ్ఞమనునది చేతి విసురు కాదు; దానికి కాలము, స్థలము, కర్త ఉండవలెను. ధర్మరాజు మహాప్రస్థానమున తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమున కాలు పెట్టనన్నాడు. ఆ కథను మనమెల్లరము పిల్లలకు చెప్పుదుము. అందులోని సారము కుక్కకు ఒక ముద్ద వేయుమని కాదు. నిన్ను నమ్మి వెంట నడచినదానిని కడవరకు విడువకుమని. ముద్ద వేయుట సులభము. కడవరకు నిలుచుటయే ధర్మము.

కావున ఆలయ సంఘము వారికిని, కుటుంబములకును మా మనవి యిది. ఆలయమున మిగిలిన అన్నమును మూత గల తొట్టిలో వేయుదురు గాక. ప్రాంగణమున ఇప్పటికే వసించు కుక్కలను లెక్కించి, వానికి ఆలయమే యజమాని యని పేరు వ్రాయించి, మెడపట్టెలు కట్టి, పశువైద్యుని చేత శస్త్రచికిత్స చేయింతురు గాక. వానికి అన్నము పెట్టుటకు వెనుక ఒక చోటు, ఒక వేళ, ఒక మనుష్యుడు నియమితమగును గాక. ఉగాదికి, రామభజనమునకు చందా వ్రాయు పుస్తకముననే ఈ పనికి ఒక పుట తెరచినచో చాలును. ఖర్చు బాణసంచా ఖర్చును మించదు. ఇండ్లలో కుక్కను పెంచువారు దానిని నమోదు చేయించి, కంచె బాగుచేసికొని, రాత్రి వీథిలోనికి వదలక యుందురు గాక. కరచు అలవాటు గలదానిని బయటికి తీసికొనిపోవునప్పుడు మూతికి చిక్కము కట్టుట యజమానికి నామోషీ కాదు, మర్యాద.

కొందరు పెద్దలు శస్త్రచికిత్స యనగానే, ప్రాణికి సంతానమును నిరోధించుట పాపము కాదా యని అడుగుదురు. వారి సంకోచమును గౌరవించుచునే ఒక మాట చెప్పవలెను. మనిషి చెంత చేరి, మనిషి పెట్టిన తిండి తిని, మనిషి వేసిన రోడ్డుపై బ్రతుకు ప్రాణి అడవి మృగము వంటిది కాదు. దాని పుట్టుకకును చావునకును మన చేయి తగిలియే యున్నది. పుట్టి రోడ్డున నలిగి చచ్చు పది పిల్లల బాధకంటె, మత్తుమందు ఇచ్చి చేయు ఒక్క చికిత్స మేలు కాదా? మరికొందరు, పేద కుటుంబము ఈ ఖర్చును భరింపగలదా యందురు. నిజమే. చట్టమును అమలుపరచు అధికారులు జరిమానా పుస్తకము తెరచుటకు ముందు, తక్కువ వెలకు గాని ఉచితముగా గాని చికిత్స దొరకు చోటులను పెంచవలెను. చేయుటకు దారి చూపక చేయలేదని శిక్షించుట న్యాయము కాదు. ఆ దారి చూపుమని అడుగుట ఆలయ సంఘము వంటి సంఘములు చేయదగిన పని. కుక్కలను చంపుమని అర్జీ వ్రాయుటకంటె గౌరవప్రదమైన పని.

అరోరా పౌరులు ఏ జాతి కుక్క ఉండవచ్చునో తేల్చుకొనుటకు సంవత్సరములు వెచ్చించిరి. మనకు ఆ చిక్కు లేదు. మన వీథి కుక్కకు జాతి లేదు. దానికి కావలసినది యజమాని పేరు. మీ ఇంటి ముంగిట ప్రతిదినము ఒక కుక్క అన్నమునకై కాచుకొని యున్నదా? అది మీదే. మీది కాదనినచో ఆ ముద్ద మానుడు. మీదే యనినచో నేడే దాని మెడకు మీ పేరు కట్టుడు. ఆ పేరు కట్టిన నాడు బడికి పోవు పిల్ల నిర్భయముగా నడచును. సరమ అడిగిన ప్రశ్నకు తల యెత్తి సమాధానము చెప్పగల ఊరు మనదగును.